పొలం ముందు... ప్లేటు తర్వాత

ఆ ఫొటో మీ ఫీడ్‌లోకి ఎప్పుడో ఒకప్పుడు వచ్చే ఉంటుంది. అలలు అలలుగా పచ్చటి దిబ్బలు. ఒక దిబ్బ మీద ఒంటరిగా రాతి ఇల్లు. దాని దాకా వంకర్లు తిరుగుతూ వెళ్లే తెల్లటి మట్టిదారి, దారి పొడవునా నిటారుగా సైప్రస్ చెట్లు. ముందు ఒక చెక్క టేబుల్, దాని మీద రొట్టె, చీజ్, రెండు గ్లాసులు. సూర్యుడు కూడా ఎవరో చెప్పి నిలబెట్టినట్టు సరిగ్గా కొండ అంచున ఉంటాడు. మనం లైక్ కొట్టి, సేవ్ చేసుకుని, ‘ఎప్పటికైనా వెళ్లాలి’ అనుకుని పైకి జరిపేస్తాం.

చాలాసార్లు ఆ ఫొటో ఇటలీలోని టస్కనీది. అందులోనూ సియెనా నగరానికి దక్షిణాన ఉన్న వాల్ దోర్చా అనే లోయది. 2000లో వచ్చిన ‘గ్లాడియేటర్’ సినిమా గుర్తుందా? హీరో ఊరిని చూపించే సీన్లు కొన్ని తీసింది ఈ లోయలోనే, పియెంజా అనే చిన్న ఊరి పక్కన.

ఆఫీసు పని మీద రెండు నెలలు మిలన్‌లో ఉన్నప్పుడు మే నెలాఖరులో ఒక శనివారం ఖాళీ దొరికింది. మా టీమ్‌లో ముగ్గురం బయల్దేరాం. నేను, ఒక వరంగల్ అబ్బాయి, ఒక గుజరాతీ అమ్మాయి. ఫ్లోరెన్స్ దాకా రైలు, రెండు గంటలు. అక్కడ కారు అద్దెకు తీసుకుని ఇంకో రెండు గంటలు. ఇదంతా ఒక్క రాత్రి భోజనం కోసం. ఆ భోజనం బావుంది, వ్యూ ఇంకా బావుంది. అది చెప్పడానికైతే నాలుగు ఫొటోలు చాలు, కాలమ్ అక్కర్లేదు. ఆ టేబుల్ అక్కడికి ఎలా వచ్చిందో తెలిశాక మాత్రం కొన్ని విషయాలు బుర్రలో తిరుగుతూనే ఉన్నాయి. ఈ వారం అవే.

రెస్టారెంట్ అనుకుని వెళ్తే...

మేం వెళ్లినదాన్ని ఇటలీలో ‘అగ్రితురిజ్మో’ అంటారు. అగ్రి అంటే తెలుసుగా, వ్యవసాయం. రైతే తన పొలంలో, తన ఇంట్లో అతిథులకు భోజనం పెట్టడం, గదులు ఇవ్వడం. దేశం మొత్తం మీద ఇలాంటివి 25 వేలకు పైగా ఉన్నాయి. టస్కనీ ఒక్కదాంట్లోనే 5 వేలు దాటతాయి.

ఫోన్ చేసి బుక్ చేసుకున్నాం. ఎంతమంది, ఎన్నింటికి వస్తారు, ఏం తినరు. అంతే, మూడు ప్రశ్నలు. ‘మెనూ పంపిస్తారా’ అని మా వరంగల్ మిత్రుడు అడిగితే అవతలి గొంతు నవ్వింది. ఆ రోజు పొలంలో ఏముంటే అదే మెనూ అట. మనిషికి 35 యూరోలు, మంచినీళ్లు, ఇంటి వైన్ కలిపి. అంటే మన డబ్బుల్లో సుమారు మూడున్నర వేలు. కొత్తగా ఫారిన్ వచ్చిన ఎవరికైనా ఉండే జబ్బే మాకూ ఉంది కాబట్టి, ఫోన్ పెట్టేసిన వెంటనే ముగ్గురం రూపాయల్లోకి మార్చుకుని కాసేపు మాట్లాడకుండా కూర్చున్నాం.

సాయంత్రం ఏడున్నరకు మట్టిదారి ఎక్కాం. ఫొటోల్లో కనిపించని సంగతి ఒకటి చెప్పనా? ఆ దారిలో కారు వెనక లేచే దుమ్ము తెల్లటి పిండిలా ఉంటుంది. అద్దాలు ఎత్తుకోకపోతే భోజనానికి ముందే సగం కడుపు నిండుతుంది.

కళ్లంలో టేబుళ్లు

ఇంటి ముందు ఇటుకలు పరిచిన చదును నేల. అక్కడ నాలుగంటే నాలుగే టేబుళ్లు. దాన్ని ‘ఆయా’ అంటారట. గోధుమ కోసుకొచ్చి నూర్చే చోటు. మన భాషలో కళ్లం. ఎదురుగా ఇంకా పూర్తిగా పండని గోధుమ చేను, గట్ల మీద ఎర్రటి పాపీ పూలు, దూరంగా నీలంగా అమియాతా కొండ. అది ఒకప్పటి అగ్నిపర్వతం, ఎత్తు 1,738 మీటర్లు.

అరవై దాటిన ఒకావిడ వంట. ఆవిడ కూతురు వడ్డన. ఆవిడకి ఇంగ్లిష్ రాదు, మాకు ఇటాలియన్ రాదు. కూతురు మధ్యలో నిలబడి రెండువైపులా సర్దింది.

ముందు పచ్చి చిక్కుడుకాయలు ఒక బుట్ట నిండా తెచ్చి పెట్టారు. ఉడకబెట్టకుండా, ఒలవకుండా. ఫావా చిక్కుడు అది. పక్కన పెకొరినో, అంటే గొర్రె పాల చీజ్. మనమే కాయ ఒలుచుకుని, గింజ నోట్లో వేసుకుని, చీజ్ ముక్క కొరకాలి. మే నెలలో టస్కనీలో ఇదొక సరదా. రొట్టె వచ్చింది, నోట్లో పెట్టుకుంటే ఉప్పు లేదు. మర్చిపోయారేమో అనుకున్నాం. టస్కనీ రొట్టే అంత, అసలు ఉప్పే వేయరు. ఎందుకని అడిగితే తలో కథ చెబుతారు. పూర్వం ఉప్పు మీద పన్ను అని కొందరు, పీసా వాళ్లు ఉప్పు రానివ్వలేదని కొందరు. కారణం ఏదైనా, ఉప్పగా ఉండే ఆ చీజ్‌తో చప్పటి ఆ రొట్టె తింటే లెక్క సరిపోయింది.

తర్వాత పీచీ. చేత్తో తాల్చిన లావాటి నూడుల్స్ అనుకోండి. పిండి, నీళ్లు, అంతే. గుడ్డు ఉండదు. ఒక పళ్లెంలో టొమాటో, అల్యోనే అనే పెద్ద వెల్లుల్లితో చేసిన సాస్. ఆ వెల్లుల్లి పక్క లోయలో పండుతుంది, ఘాటు తక్కువ. ఇంకో పళ్లెంలో పీచీ మీద బంగారు రంగు పొడి చల్లి ఉంది. చీజ్ తురుము అనుకున్నాను. కాదట. మిగిలిపోయిన రొట్టెను ఎండబెట్టి, పొడి కొట్టి, ఆలివ్ నూనెలో వెల్లుల్లితో వేయించింది.

‘చీజ్ అమ్ముకునేవాళ్లం. తినేవాళ్లం కాదు. అందుకే ఇది’ అంది ఆవిడ. కూతురు అనువాదం చేసి, పళ్లెం పెట్టి వెళ్లిపోయింది.

తర్వాత మాకు కుందేలు మాంసం, గుజరాతీ అమ్మాయికి సేజ్ ఆకు, టొమాటో వేసి ఉడికించిన తెల్ల చిక్కుడు గింజలు. పైనుంచి ఆవిడే వచ్చి పచ్చి ఆలివ్ నూనె ధారగా పోసింది. మా అమ్మమ్మ ముద్దపప్పు మీద నెయ్యి వేసేటప్పుడు చెయ్యి ఎంత తిరుగుతుందో సరిగ్గా అంతే తిరిగింది. మేం కుందేలు వదిలేసి ఆ గింజల మీద పడ్డాం. ఆఖర్న బాదం వేసి రెండుసార్లు కాల్చిన గట్టి బిస్కెట్లు, ముంచుకోవడానికి తియ్యటి వైన్. నేను డ్రైవర్ని కాబట్టి నాకు కాఫీ.

వెలుగు తొమ్మిదింటి దాకా పోలేదు. ఎవరూ తొందరపెట్టలేదు. ఇంకో టేబుల్‌కి బేరం ఉందని మమ్మల్ని లేపలేదు. ఆ రాత్రికి ఆ టేబుల్ మాదే.

పశువుల కొట్టంలో బిల్లు

బిల్లు కట్టడానికి లోపలికి వెళ్లాం. చల్లటి రాతి గది, కమాను కప్పు. గోడకి ఇనుప రింగులు, ఒక పక్క పొడవాటి రాతి గాడి. అది పశువుల కొట్టం. ఈ ప్రాంతంలో పాత రైతు ఇళ్లు చాలావరకు ఇలాగే కట్టారు. కింద ఎడ్లు, పైన మనుషులు. చలికాలంలో ఎడ్ల ఒంటి వేడి పైకి వెళ్లి మనుషులకు వెచ్చగా ఉండేది.

ఆవిడ తాతగారు ఈ ఇంట్లోనే ఉండేవాడట. అయితే ఇల్లు ఆయనది కాదు. ఎడ్లు సగం ఆయనవి, పంట సగం ఆయనది.

టస్కనీలో కొన్ని వందల ఏళ్లు నడిచిన పద్ధతి ఇది. పేరు మెజ్జాద్రియా. మెజ్జో అంటే సగం. భూమి ఆసామిది, కష్టం రైతు కుటుంబానిది, పండింది చెరి సగం. మన దగ్గర పాలికి చేయడం అంటామే, దానికి దగ్గరి చుట్టం. పండగలొస్తే ఆసామి ఇంటికి కోళ్లు, గుడ్లు అదనం. చాలా ఒప్పందాల్లో రైతు ఇంట్లో పెళ్లికి కూడా ఆసామి సరేననాలి. పిల్ల వెళ్లిపోతే పొలంలో రెండు చేతులు తగ్గుతాయి కదా.

రొట్టె పొడి చల్లిన పీచీ ఆ సగం లెక్కలోంచి వచ్చింది. ఎండిన రొట్టె, చిక్కుళ్లు, నల్ల క్యాబేజీ వేసి కాచే రిబొల్లీతా సూప్ కూడా అంతే. ఆ పేరుకి అర్థం ‘మళ్లీ కాచినది’ అని. ఇవాళ మిలన్‌లో తెల్లటి గుడ్డ పరిచిన టేబుల్ మీద పెట్టి దీన్నే పెద్ద పేరుతో అమ్ముతారు. 2010లో యునెస్కో ‘మధ్యధరా ఆహారం’ అని ఇటలీ, స్పెయిన్, గ్రీస్, మొరాకోల తిండి సంస్కృతిని తన వారసత్వ జాబితాలో చేర్చింది. గోధుమ, ఆలివ్, ద్రాక్ష, పప్పుగింజలు, కాస్త చీజ్, అరుదుగా మాంసం. డాక్టర్లు మెచ్చుకునే ఆ ప్లేటులో మాంసం ఎందుకు అరుదో ఆవిడ ఒక్క ముక్కలో చెప్పేసింది: అమ్ముకునేవాళ్లం.

ఆ వ్యూ ఎవరు గీశారు?

ఫొటో చూసి ‘ప్రకృతి అందం’ అంటాం. వాల్ దోర్చాలో ప్రకృతి చేసింది కొంతే. ఇక్కడిది పంట నిలవని బంకమట్టి నేల. 14, 15 శతాబ్దాల్లో సియెనా నగర రాజ్యం ఈ లోయను కలుపుకుని పొలాలు, ఊళ్లు, దారులు ఒక పద్ధతిలో తీర్చిదిద్దింది. పంట కోసమూ, మంచి పాలన అంటే ఇలా ఉంటుందని కళ్లకు చూపించడం కోసమూ. 2004లో యునెస్కో ఈ లోయను ప్రపంచ వారసత్వ స్థలంగా గుర్తించిందంటే కారణం అదే.

నమ్మకపోతే సియెనా పాత నగర సభా భవనంలోకి వెళ్లి చూడండి. అంబ్రోజో లొరెంజెత్తి అనే చిత్రకారుడు 1338-39లో గోడల నిండా వేసిన బొమ్మలున్నాయి. మంచి పాలన ఉంటే పల్లె ఎలా ఉంటుంది, చెడ్డ పాలనలో ఎలా ఉంటుంది అని. మంచి పల్లె బొమ్మలో కొండలు, ద్రాక్ష తోటలు, నూర్పిళ్లు. ఒకాయన నడుముకు తెల్లటి పట్టీ ఉన్న పందిని ఊళ్లోకి తోలుకొస్తుంటాడు. ఆ జాతి పందుల్ని ఇప్పటికీ అక్కడ పెంచుతున్నారు. దాదాపు 700 ఏళ్ల కిందటి వాల్‌పేపర్ అన్నమాట, ఇంకా వాడకంలో ఉంది.

మనం రీల్‌లో చూసే ప్రతి గట్టూ, ప్రతి చెట్ల వరసా ఎవరో ఒకరు దున్ని, నాటి, కత్తిరించి నిలబెట్టింది. దున్నడం మానేస్తే ఆ పచ్చటి అల కొన్నేళ్లకి ముళ్లపొద అవుతుంది.

ఒక దశలో నిజంగానే మానేశారు. రెండో ప్రపంచ యుద్ధం తర్వాత ఫ్యాక్టరీలు రమ్మన్నాయి. సగం పంటకి చాకిరీ చేయడం కంటే జీతం నయం అనుకుని కుటుంబాలు కుటుంబాలు పట్నం వెళ్లిపోయాయి. 1964లో వచ్చిన చట్టం కొత్త మెజ్జాద్రియా ఒప్పందాలను నిషేధించి, ఉన్నవాటిలో రైతు వాటాను 58 శాతానికి పెంచింది. అప్పటికే చాలా ఇళ్లకు తాళాలు పడ్డాయి. 1965లో ఇంకో చట్టం వచ్చింది. ఆసామి భూమి అమ్మాలనుకుంటే, దాన్ని సాగు చేస్తున్న రైతుకే ముందు కొనుక్కునే హక్కు. ఆవిడ నాన్న అప్పు తెచ్చి ఇల్లు, పొలం కొన్నది ఆ తర్వాతేనట. మూడు తరాలు అద్దెకున్న ఇల్లు అప్పుడు సొంతమైంది.

1985: చలి ఒకటి, చట్టం ఒకటి

కొట్టంలోంచి బయటికి వచ్చాక కూతురు ఆలివ్ చెట్లు చూపించింది. ప్రతి చెట్టుకీ మొదట్లో ఒకటి కాకుండా మూడు, నాలుగు కాండాలు గుండ్రంగా లేచి ఉన్నాయి. ఈ జాతే ఇంత అనుకున్నాను.

1985 జనవరిలో టస్కనీని చలి కొట్టింది. కొన్నిచోట్ల మైనస్ 20 డిగ్రీల కిందికి దిగింది. లక్షల కొద్దీ ఆలివ్ చెట్లు నిలువునా చచ్చాయి. రైతులు వాటిని నేల మట్టానికి నరికేశారు. ఆలివ్ మొండి చెట్టు, వేరు బతికే ఉంది. మొదలు చుట్టూ చిగుళ్లు వచ్చాయి. వాటిలో గట్టివాటిని మూడు నాలుగు ఉంచి పెంచారు. టస్కనీలో ఎక్కడైనా ఇలా గుంపుగా లేచిన కాండాలు కనిపిస్తే, అది 1985ను దాటిన చెట్టు అయ్యుండొచ్చు.

అదే ఏడాది డిసెంబర్ 5న ఇటలీ మొట్టమొదటి అగ్రితురిజ్మో చట్టం చేసింది, నంబర్ 730. 2006లో దాని స్థానంలో 96వ నంబర్ చట్టం వచ్చింది. చలికీ చట్టానికీ సంబంధం లేదు, ఒకే సంవత్సరం పడ్డాయంతే. అయినా ఆ ఇంట్లో మాత్రం రెండూ కలిపే చెప్పుకుంటారు. నూనె పోయిన ఏడాదే భోజనం పెట్టుకునే దారి వచ్చింది కదా.

చట్టంలో నాకు నచ్చినవి నాలుగు ముక్కలు. ఒకటి, అగ్రితురిజ్మో నడపాలంటే నువ్వు రైతువై ఉండాలి. హోటల్ కంపెనీ వచ్చి బోర్డు పెట్టుకోవడం కుదరదు. రెండు, వ్యవసాయమే ప్రధానం కావాలి, అతిథులు దానికి అనుబంధం. పొలం మీద పెట్టే పని గంటల్ని, అతిథుల మీద పెట్టే పని గంటల్ని పోల్చి చూస్తారు. పదిమంది లోపు అతిథులైతే ఆ లెక్క అడగరు, వ్యవసాయమే ప్రధానం అని ఒప్పుకుంటారు. మూడు, పెట్టే తిండిలో సొంత పొలంలోదీ, చుట్టుపక్కల రైతులదీ ఉండాలి. సొంతది ఎంత ఉండాలో ఆయా ప్రాంతాల చట్టాలు చెబుతాయి. నాలుగు, పొలంలో ఉన్న పాత కట్టడాలనే వాడుకోవాలి. కొట్టం భోజనశాల అయ్యింది అందుకే.

సాఫ్ట్‌వేర్ వాళ్ల భాషలో చెప్పాలంటే, పొలం మెయిన్ ప్రోగ్రామ్, టేబుల్ దానికి ప్లగిన్. మెయిన్ ఆగిపోతే ప్లగిన్‌కి పర్మిషన్ లేదు.

‘గోధుమ మీద బతకగలరా?’ అని కూతుర్ని అడిగాను. ఆమె వారమంతా సియెనాలో ఒక ఆసుపత్రిలో పని చేస్తుంది. శని, ఆదివారాలు ఇక్కడ వడ్డన. నవంబర్‌లో సెలవు పెట్టి ఆలివ్‌లు కోస్తుంది. వంద కిలోల కాయలు ఆడిస్తే సుమారు 10 నుంచి 15 కిలోల నూనె.

‘గోధుమ మీద బతకలేం. ఈ నాలుగు టేబుళ్లు ఉన్నాయి కాబట్టి గోధుమ వేస్తున్నాం. గోధుమ వేస్తున్నాం కాబట్టి మీరు ఇంత దూరం వచ్చారు’ అంది.

రూపాయల్లోకి మార్చుకున్నప్పుడు ఈ మాట తెలియదు మాకు. మూడున్నర వేలు చిక్కుడు గింజలకి ఎక్కువే. కళ్ల ముందున్న ఆ చేను ఇంకో ఏడాది చేనుగా ఉండటానికి మాత్రం ఎక్కువ కాదు.

ఇందులో అంతా మంచే ఉందని చెప్పను. అదే లోయలో తాళాలు పడ్డ ఇళ్లు ఎన్నో బయటి డబ్బున్నవాళ్ల సెలవు ఇళ్లయ్యాయి. ఇళ్ల ధరలు ఊరివాళ్లకి అందనంత పెరిగాయి. అగ్రితురిజ్మో అని పెద్ద బోర్డు పెట్టి, సూపర్‌మార్కెట్ సరుకుతో వండి పెట్టేవీ ఉంటాయి. చట్టం కాగితం మీద ఎంత బావున్నా, వచ్చేవాళ్లు వ్యూ మాత్రమే చూసి వెళ్లిపోతే మోసం సులువు.

మీరు వెళ్లాలనుకుంటే

మెసేజ్‌లు వచ్చేస్తాయని తెలుసు కాబట్టి ముందే చెప్పేస్తున్నా.

కారు లేకపోతే కష్టం. ఆ లోయలో బస్సులు తక్కువ, ఆదివారాలు మరీ తక్కువ. మన లైసెన్స్‌తో పాటు ఇంటర్నేషనల్ డ్రైవింగ్ పర్మిట్ ఇండియాలోనే తీసుకుని వెళ్లండి. సియెనా, ఫ్లోరెన్స్ లాంటి పాత ఊళ్ల మధ్యలోకి కారు తీసుకెళ్లకండి. జెడ్‌టీఎల్ అనే బోర్డు దాటితే కెమెరా పట్టేస్తుంది, ఫైన్ ఇంటికొస్తుంది. నడిపేవాళ్లు వైన్ జోలికి పోవద్దు. అక్కడ రక్తంలో లీటరుకు 0.5 గ్రాములు దాటితే కుదరదు. లైసెన్స్ వచ్చి మూడేళ్లు కాకపోతే పూర్తిగా సున్నా.

భోజనం వేళలు గట్టిగా పాటిస్తారు. మధ్యాహ్నం పన్నెండున్నర నుంచి రెండు, రాత్రి ఏడున్నర తర్వాత. నాలుగింటికి ఆకలేస్తే మీ బ్యాగులో బిస్కెట్లే గతి. ముందుగా ఫోన్ చేయకుండా వెళ్లొద్దు, ఎంతమందో తెలిస్తేనే వండుతారు. మాంసం తినకపోతే ‘వెజెతారియానో’ అనండి, అమ్మాయిలైతే ‘వెజెతారియానా’. గట్టి చీజ్‌లు చాలావాటిలో దూడ పొట్టలోంచి తీసిన పదార్థం వాడతారు కాబట్టి, పట్టింపు ఉన్నవాళ్లు అది కూడా అడగండి. మామూలు రెస్టారెంట్లలో బిల్లు మీద ‘కొపెర్తో’ అని మనిషికి ఒకటి, రెండు యూరోలు కనిపిస్తే కంగారు పడొద్దు. రొట్టె, టేబుల్ ఖర్చు కింద తీసుకునేది.

అన్నిటికంటే ముఖ్యం, బుక్ చేసేటప్పుడు ఒక్క ప్రశ్న: ‘కోజా ప్రొదుచేతే?’ అంటే, మీరు ఏం పండిస్తారు? నిజం రైతైతే ఆ ఫోన్ ఇక పెట్టేయరు. వ్యూ గురించి చెప్పడం మొదలుపెడితే ఇంకో నంబర్ చూసుకోండి.

తెనాలి దగ్గర రెండున్నర ఎకరాలు

ఇక ఈ భోజనం నన్ను వదలకపోవడానికి అసలు కారణం. మాకు తెనాలి దగ్గర రెండున్నర ఎకరాలుంది. వరి, వరి తర్వాత మినుము. తాతయ్య పోయాక కౌలుకిచ్చేశాం. నాన్న రెండు నెలలకోసారి ఫోన్‌లో అడుగుతుంటారు, ‘అమ్మేద్దామా అమ్మా? ఇక ఎవరు చూస్తారు?’ అని.

మిలన్ నుంచి ఒకసారి హుషారుగా చెప్పాను, మనం కూడా ఫామ్ స్టే పెడదాం నాన్నా అని. హైదరాబాద్ చుట్టూ ఎన్ని లేవు? లాన్, స్విమ్మింగ్ పూల్, ఫొటోకి నాలుగు మామిడి చెట్లు, ఒక ఎడ్లబండి. వాటిని తప్పు పట్టడం లేదు, శని, ఆదివారాల్లో నేనూ వెళ్లినదాన్నే. కాకపోతే అక్కడ పొలం ఫొటో కోసం ఉంటుంది. కూరగాయలు రైతుబజార్ నుంచి వస్తాయి.

నాన్న అంతా విని, ‘మరి కౌలు చేసే ఆయన సంగతేంటి? నీ హోటల్లో సర్వరా?’ అన్నారు.

నా దగ్గర జవాబు లేదు. ఇటలీ చట్టం నడపమంటున్నది రైతుని. మా పొలానికి రైతు ఎవరు? పాస్‌బుక్‌లో పేరు నాన్నది. తెల్లవారుజామున నీళ్లు పెట్టేది, వాన పడితే ఓదెలు చూసుకుని గుండె పట్టుకునేది పన్నెండేళ్లుగా ఆయన. టేబుల్ వేయాల్సి వస్తే అది వేసే హక్కు ఆయనదే. వ్యూ అమ్ముకునే హక్కు నాకు వచ్చి, దున్నే పని ఆయన దగ్గరే ఉండిపోతే, అది పాత మెజ్జాద్రియాకి వైఫై పెట్టినట్టు ఉంటుంది.

నేను ఉద్యోగం మానేసి ఊరెళ్లి వ్యవసాయం చేస్తానని చెప్పను. చేయను, నాకు తెలుసు. ఆవిడ కూతురే వారమంతా ఆసుపత్రిలో పని చేయాల్సి వస్తుంటే, నేను చేతగాని శపథాలు చేయడం బావుండదు. కానీ 1965 నాటి ఆ ఇంకో చట్టం గుర్తుంది. అమ్మేటప్పుడు ముందు దున్నేవాడిని అడగాలన్నది.

పోయిన ఆదివారం నాన్నకి ఫోన్ చేసి చెప్పాను. బ్రోకర్‌కి చెప్పే ముందు ఆయన్ని అడగండి, కొనే ఉద్దేశం ఉందేమో, ఒకేసారి ఇవ్వలేకపోతే మూడు, నాలుగేళ్లలో ఇచ్చినా మనకు సరిపోతుందేమో చూద్దామని. నాన్న కాసేపు ఏం మాట్లాడలేదు. ‘మీ తాతయ్య కూడా మొదట ఆ పొలం కౌలుకే చేశాడు, తెలుసా నీకు?’ అన్నారు.

తెలియదు. సంక్రాంతికి వెళ్లినప్పుడు ముగ్గురం కూర్చుని మాట్లాడదాం అనుకున్నాం. నాన్న, నేను, ఆయన.